నడుము నొప్పి కాలికి ఎందుకు దిగుతది?

శుక్రవారం రెస్టు వదులుకొని కూర్చున్నారు, ఎక్కువసేపు తీసుకోను.

నడుములో ఐదు పూసలు. పూసకూ పూసకూ మధ్య మెత్తటి డిస్కు. వెన్నుపాము మొదటి రెండు పూసల దగ్గరే ఆగిపోతది. అక్కడి నుంచి నరాలు గుర్రం తోక లెక్క కిందికి దిగి, ఒక్కో పూస కింద ఒక్కో జత బయటికి వస్తయి. మెయిన్ బోర్డు నుంచి ఒక్కో ఫ్లోరుకు వైరు పోయినట్టు. వైరు బోర్డు కాడ నలిగితే లైటు పై ఫ్లోర్ల ఆరుతది. అట్లనే నరం నడుముల నలిగితే నొప్పి కాలిల తెలుస్తది. దాన్నే సయాటికా అంటారు.

డిస్కు ఎక్కువగా జారేది కింది రెండు చోట్ల. నాలుగు, ఐదు పూసల మధ్య జారితే పాదం మీద తిమ్మిరి, బొటనవేలు పైకి లేవదు. ఐదో పూస కింద జారితే చిటికెన వేలు పక్క తిమ్మిరి, మునివేళ్ల మీద నిలబడలేం.

నా గ్యాంగుల ఒక తమ్ముడు ఇంటికి పంపిస్తరని భయపడి మూడు వారాలు బామ్ రాసుకొని దాచిండు. పని నెమ్మదిగా చేస్తుండని నేనే కసిరిన. ఒకరోజు కాలి చెప్పు జారిపోయినా అతనికి తెల్వలే. అప్పుడు గాని నాకు అర్థం కాలే. ఆ మాట ఇప్పటికీ గుచ్చుతది.

అందుకే చెప్తున్న, దాచకండి. చాలామందికి ఆపరేషన్ లేకుండానే కొన్ని వారాల్లో తగ్గుతది. 2023 ఒమన్ కార్మిక చట్టం ప్రకారం, డాక్టరు సర్టిఫికెట్ ఉంటే సిక్ లీవు మొదటి 21 రోజులు పూర్తి జీతంతో ఇవ్వాలి. ఎండల చెమటోడ్చి, నీళ్లు తాగకుండా నొప్పి గోలీలు మింగితే కిడ్నీలకు దెబ్బ.

50 కిలోల బస్తా ఇద్దరు ఎత్తండి. మోకాళ్లు వంచండి, బరువు పొట్టకు దగ్గర పట్టండి, నడుము తిప్పకుండా పాదాలతో తిరగండి.

ఒక్కటి మర్చిపోవద్దు. మూత్రం ఆగినా, తెలియకుండా పోయినా, తొడల మధ్య మొద్దుబారినా, రెండు కాళ్లూ బలం తగ్గినా తెల్లారేదాకా ఆగొద్దు. వెంటనే 9999కి ఫోన్ చేయండి. ఆలస్యమైతే ఆ నరాలు మళ్లీ కోలుకోకపోవచ్చు.

మీ రూమ్‌ల ఎవరన్నా కుంటుతుంటే ఈ రాత్రే అడగండి.