అడ్వాన్సు కంటే ముందు కాగితం

(మొదటిసారి ఇల్లు కొనబోతున్న కుటుంబాల కోసం వాడ కమ్యూనిటీ హాల్లో జరిగిన సభలో ఒక ఉపాధ్యాయ కార్యకర్త చేసిన ప్రసంగ పాఠం)



ఈ వాడలో కొందరు టౌనులో స్థలమో, పాత ఇల్లో కొనాలని చూస్తున్నారని తెలిసి ఈ సభ పెట్టాం. కొనాలి, తప్పక కొనాలి. మన తాతలు కామందు దొడ్డి పక్కన గుడిసె వేసుకుని బతికారు. కామందుకి కోపమొస్తే గుడిసె లేచిపోయేది. 1985లో కారంచేడు దళితులు కట్టుబట్టలతో చీరాల చేరారు. 1991లో చుండూరు దళితులు తెనాలిలో తలదాచుకున్నారు. కాబట్టి లేవమంటే లేవనక్కర్లేని చోటు మనకి కావాలి. అది కాగితం మీద గట్టిగా ఉంటేనే నిలుస్తుంది.

ముందు మా తప్పు చెప్పుకుంటాం. చదువుకున్నోళ్ళం, మమ్మల్నెవరు మోసం చేస్తారనుకున్నాం. బైపాసు పక్కన స్థలం, సగం ధరకే ఇప్పిస్తానన్నాడు ఒక బ్రోకరు. నోటరీ చేసిన స్టాంపు కాగితం చూసి యాభై వేలు చేతిలో పెట్టాం. ఆ తర్వాత సర్వే నంబరు పట్టుకుని తహసీల్దారు ఆఫీసుకి పోతే తేలిందేమిటి? అది డీ ఫారం పట్టా భూమి. పక్క ఊరి మాదిగవాడలో ఒక కుటుంబానికి ప్రభుత్వం ఇచ్చింది. ఆ ఇంటికి పోయాం. ముసలమ్మ అంది: "మా ఆయన అప్పుకి తాకట్టు పెట్టాడు నాయనా, అమ్మలేదు."

మేం తలెత్తలేకపోయాం. సగం ధర ఎందుకో అప్పుడర్థమైంది. మన వాళ్ళ దగ్గర లాక్కున్నదాన్నే మనకి అమ్ముతున్నారు. అడ్వాన్సు తిరిగి రాలేదు, మేం ఆ స్థలం కొననూ లేదు. అసైన్డ్ భూముల బదిలీని నిషేధిస్తూ 1977లోనే చట్టం వచ్చింది. దానికి తర్వాత సవరణలు జరిగాయి గనక ఏ నంబరు సంగతేమిటో తహసీల్దారు ఆఫీసులో రాసిచ్చి అడగండి. 22-ఎ నిషేధిత జాబితాలో ఉందేమో సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో చూడండి.

ఇక కాగితాలు. ముప్పై ఏళ్ళ ఈసీ తీయించండి. అమ్మేవాడికి ఆస్తి ఎవరి నుంచి వచ్చిందో చెప్పే లింకు దస్తావేజులన్నీ అడగండి. తండ్రి ఆస్తయితే వాటాదారులంతా, ఆడబిడ్డలతో సహా, సంతకం పెట్టాలి. జీపీఏ కాగితాలతో జరిగే అమ్మకం వల్ల హక్కు రాదని సుప్రీంకోర్టు 2011లో చెప్పింది. రిజిస్టరైన అమ్మకపు దస్తావేజు ఒక్కటే మనది.

తర్వాత డబ్బు. ధర ఒక్కటే లెక్కేసుకుంటే మునుగుతాం. రిజిస్ట్రేషను ఖర్చులు ఏడున్నర శాతం దాకా అవుతాయి. అంటే పది లక్షల స్థలానికి డెబ్బై అయిదు వేలు. బ్యాంకు మొత్తం ధర ఇవ్వదు. ముప్పై లక్షల లోపు అప్పుకైనా తొంభై శాతం దాటదు. మిగతాది మన చేతిలో ఉండాలి. అది మూడు రూపాయల వడ్డీకి తెచ్చారో, లక్షకి ఏడాదికి ముప్పై ఆరు వేలు కట్టాలి. ఇల్లు పిల్లల చదువుని మింగుతుంది. రెండేళ్ళు ఆగి కూడబెట్టి కొనడంలో నామోషీ లేదు. దస్తావేజులో ఆడమనిషి పేరు కూడా ఉండాలి. సంఘంలో పొదుపు చేసేది ఆమే కదా!

ఆఖరిది, మనకొక్కళ్ళకే ఎదురయ్యే ప్రశ్న: "మీరేమిటోళ్ళు?" బేరం కుదురుతుంది. ఇంటిపేరు తెలిశాక "మా అబ్బాయి ఒప్పుకోవట్లేదండీ" అంటారు. అందుకే మాట కుదిరిన రోజే అగ్రిమెంటు రాయించండి. అడ్వాన్సు బ్యాంకు ద్వారా కట్టండి. మాట తప్పితే కోర్టుకి పోయే ఆధారం ఉంటుంది. పేరు మాత్రం దాచొద్దు. 1917లో విదేశాల్లో చదివొచ్చిన బాబాసాహెబ్‌కి బరోడాలో ఇల్లు దొరకలేదు. పార్సీ పేరుతో సత్రంలో దిగితే కర్రలతో వచ్చి వెళ్ళగొట్టారు. తర్వాత ఆయన బొంబాయి దాదర్‌లో తన పుస్తకాల కోసం రాజగృహ కట్టుకున్నారు, సొంత పేరుతో!

ఇక మీద ఈ వాడలో ఎవరూ ఒంటరిగా అడ్వాన్సు ఇవ్వొద్దు. ఆదివారం సాయంత్రం ఈ హాల్లోనే కూర్చుంటాం. కాగితాలు తెండి. చదువొచ్చినోళ్ళు పైకి చదువుతారు, రానోళ్ళు ప్రశ్నలు అడుగుతారు. మన అయ్యలు చదవకుండా వేలిముద్రలు వేసి భూములు పోగొట్టుకున్నారు. మనం చదివాకే సంతకం పెడదాం. మన ఇంటి కింద ఇంకో వాడ భూమి ఉండకుండా చూసుకుందాం.

జై భీమ్!