లాభం ఎక్కడిది?

పదవీ విరమణ చేసిన మా సహోపాధ్యాయుడొకరు 2024 అక్టోబరులో ఒక మరాఠీ దినపత్రిక కత్తిరింపు తెచ్చి నా ముందు పెట్టారు. "మాస్టారూ, సెల్‌ఫోన్లు తయారుచేసే ఈ కంపెనీ లాభం ఏడాదిలో మూడున్నర రెట్లయిందట. గ్రాట్యుటీ సొమ్ములో కొంత ఇందులో పెట్టనా?" అన్నారు.

ఆ కంపెనీ నోయిడాలోని డిక్సన్ టెక్నాలజీస్. తన పేరుతో ఫోన్లు అమ్మదు. షావోమీ, మోటొరోలా వంటి వారికి చేసిపెడుతుంది. 2024 జూలై నుంచి సెప్టెంబరు వరకు మూడు నెలల అమ్మకాలు సుమారు 11,534 కోట్ల రూపాయలు. అంతకు ముందు ఏడాది ఇదే కాలంలో 4,943 కోట్లే. దీన్ని మన మరాఠీ పత్రికలు 'ఉలాఢాల్' అంటాయి. అది చేతులు మారిన సొమ్మే గాని మిగిలిన సొమ్ము కాదు. గుడ్డ తానే కొని కుట్టిచ్చే దర్జీ బిల్లులో గుడ్డ ఖరీదూ ఉంటుంది, అతనికి దక్కేది కుట్టుకూలి. ఇక్కడా అంతే. వంద రూపాయల అమ్మకం మీద వడ్డీ, తరుగుదల, పన్నులకు ముందు మిగిలింది నాలుగు రూపాయల లోపే.

మరి నికర లాభం 412 కోట్లకు ఎలా చేరింది? కడప దగ్గర కొప్పర్తిలో నిఘా కెమెరాలు చేసే సంస్థలో డిక్సన్‌కు సగం వాటా ఉండేది. 2024 సెప్టెంబరులో ఆ వాటాను భాగస్వామి ఆదిత్య ఇన్ఫోటెక్‌కు ఇచ్చి, బదులుగా ఆ కంపెనీ షేర్లు తీసుకుంది. ఆ మార్పిడిలో కలిసివచ్చిన విలువ, పన్నుకు ముందు దాదాపు 210 కోట్లు, ఆ మూడు నెలల లాభంలో చేరింది. ఇందులో మోసమేమీ లేదు. పట్టికలో 'అసాధారణ అంశం' అని వేరే వరుసలోనే చూపారు. మావాడి కత్తిరింపులో ఆ వరుస లేదు, అంతే. ఎద్దుల జత అమ్మిన ఏడు ఆ డబ్బును పత్తి రాబడిలో కలిపి చెప్పుకుంటామా?

ఆ వరుస తీసేసినా లాభం పెరిగిన మాట నిజం. మూడున్నర రెట్లు మాత్రం కాదు. పైగా 2020లో కేంద్రం పెట్టిన ప్రోత్సాహక పథకం ఒకటి అప్పట్లో నడుస్తోంది. సెల్‌ఫోన్ల తయారీదారులకు పెరిగిన అమ్మకాల మీద 4 నుంచి 6 శాతం, అయిదేళ్ళ పాటు ఇస్తామన్నారు. నాలుగు రూపాయలు మిగలని చోట అది చిన్న మొత్తం కాదు. గడువు తీరాక ఏం మిగులుతుందన్నది అప్పట్లో వాటాదారు అడగవలసిన ప్రశ్న.

"అయితే కొనమంటారా, వద్దంటారా?" అన్నారాయన.

"ముందు ఆ 210 కోట్లు తీసేసి, షేరు ధర లాభానికి ఎన్ని రెట్లుందో లెక్కవేద్దాం" అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. నేను నోటుపుస్తకం తెరిచాను.