చదవగలిగిన ముద్రలు, చదవలేని ముద్రలు
(హిజ్లీ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ సంచికకు ముఖచిత్రంగా మొహెంజొదారోలో దొరికిన ఒక ముద్రను వేయాలని మిత్రులు కొందరు సూచించారు. ఆసనంపై కాళ్లు మడిచి కూర్చున్న మూర్తి, ఆసనం క్రింద జింకలు. అవి సారనాథపు జింకలే కావచ్చునని, ఆ మూర్తి పూర్వ బుద్ధుడే కావచ్చునని వారి ఊహ. ఆ ఊహ వెనుకనున్న ఆర్తి మాకు తెలుసు. మూలాలను పోగొట్టుకున్నవారు ప్రతి రాతిలోనూ తమ ముఖాన్ని వెదకుకొంటారు. అయినను చరిత్ర పాఠం చెప్పి బ్రతికేవారము గనుక, మా సందేహాన్ని దాచుకొనలేము.

ఆ ముద్రను 1931లో వివరించిన జాన్ మార్షల్, మూర్తిని శివునికి పూర్వరూపమన్నారు. నేడు మన మిత్రులు బుద్ధుడంటున్నారు. మూర్తి తలపైన ఒక వరుస గుర్తులున్నవి. వాటిని చదవగలిగిననాడు ఇద్దరిలో ఒకరో, ఇద్దరూనో తప్పుకొనవలసి వస్తుంది. ఆ నగరాల ఉచ్చదశ క్రీ.పూ. 2600 నుండి 1900 వరకు. బుద్ధ భగవానుడు అంతకు వెయ్యేండ్లకు పైగా తరువాతివాడు.

ఇక్కడ ఒక చిత్రమైన సంగతి ఉన్నది. 1922లో రాఖాలదాస్ బంద్యోపాధ్యాయ మొహెంజొదారోలో త్రవ్వకం ఆరంభించినది బౌద్ధ స్తూపంగా భావించిన దిబ్బ వద్దనే. ఆ దిబ్బ పరిసరాలలోనే అంతకు ఎన్నో శతాబ్దాల ముందటి ముద్రలు బయటపడినవి. బౌద్ధం ఆ నగరానికి దారి చూపినదనవచ్చును. ఆ నగరం బౌద్ధమని మాత్రం అనలేము. రెంటికీ నడుమ ఒక స్తూపమంత మట్టి ఉన్నది.

రైల్వే ఊరిలో మాట్లాడుతూ మరొక మాట చెప్పకపోవడం న్యాయం కాదు. హరప్పా దిబ్బల ఇటుకలను లాహోరు–ముల్తాను రైలుమార్గపు కట్టకు తరలించారు. సుమారు 100 మైళ్ల మేర పరచినారని కన్నింగ్‌హామ్ వ్రాసినారు. అక్కడ దొరికిన మొదటి ముద్రను లోకానికి చూపినదీ ఆయనే. మన తాతలు శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల నుండి వచ్చి పనిచేసినదీ రైల్వేలోనే గనుక, ఈ కథ వింటే మనసు చివుక్కుమంటుంది.

ఇక చదవడం సంగతి. బలపపు రాతిపై చెక్కిన ఆ గుర్తులు నాలుగు వందలకు పైబడి ఉన్నవి. 1977లో ఐరావతం మహదేవన్ వాటిని వరుసలతో సహా పట్టికగా కూర్చినారు. ఒక్కొక్క వ్రాతలో సగటున ఐదు గుర్తులే. భాష ఏదో తెలియదు. రెండు భాషల శాసనం దొరకలేదు. తమిళంలో మీన్ అంటే చేప, చుక్క గూడా. దానిని పట్టుకొని ఆస్కో పర్పోలా చేప గుర్తుకు నక్షత్రమనే అర్థం చెప్పినారు. వినడానికి ఇంపుగా ఉన్నది, మేమూ తరగతిలో చెప్పి పిల్లలను మెప్పిస్తాము. ఋజువు కావడం వేరు. అసలది లిపియే కాదని 2004లో ముగ్గురు పండితులు వాదించినారు. చదివినవారికి పది లక్షల డాలర్ల బహుమతిని తమిళనాడు ముఖ్యమంత్రి 2025లో ప్రకటించినారు.

బ్రాహ్మి గూడా ఒకప్పుడు ఇట్లే మూగగా ఉండెను. 1837లో జేమ్స్ ప్రిన్సెప్ సాంచీ స్తూపపు చిన్న చిన్న వ్రాతలను ప్రక్కప్రక్కన పెట్టి చూచినాడు. పెక్కు వ్రాతలు ఒకే రెండు అక్షరాలతో ముగిసినవి. స్తూపానికి సామాన్యులు ఇచ్చినది ఏమై ఉండునని ఆలోచించి, అది ‘దానం’ అన్నాడు. భిక్షుణులు, గృహస్థులు తమ పేర్లు చెక్కించుకొన్న ఆ అలవాటే అశోకుని గొంతు విప్పినది. మన భట్టిప్రోలు ధాతు పేటికల వ్రాతలలో కొన్ని అక్షరాలు వేరుగా ఉన్నను, బ్యూలర్ చదవగలిగినది గూడా భాష ప్రాకృతమని తెలిసినందుననే. సింధు ముద్రలకు అట్టి తాళపుచెవి ఇంకను చిక్కలేదు.

చదవగలిగిన ముద్రలు మనకు ఎంతో దూరాన లేవు. ఇదే జిల్లాలో దాంతన్ దగ్గర మొగల్‌మారిలో, 2003 తరువాత కలకత్తా విశ్వవిద్యాలయానికి చెందిన అశోక్ దత్తా త్రవ్వించిన విహారంలో మట్టి ముద్రికలు దొరికినవి. వాటిపై యజ్ఞపిండిక మహావిహారమని పేరున్నది. నెకుర్‌సేని స్టేషనులో దిగితే దగ్గరే. అయినా ఈ సభలో అక్కడికి వెళ్లినవారు చేతులెత్తమంటే ఎన్ని లేచినవో మీరే చూచినారు.

ముఖచిత్రం నిర్ణయం సంఘానిది. మా ఓటు మొగల్‌మారికి.