రుక్మిణీ కల్యాణము – పెద్దలకు పాఠము



పెండ్లికెదిగిన ఆడపిల్లచేత రుక్మిణీ కల్యాణము పారాయణ చేయించుట మన తెలుగునాట తరతరాల ఆచారము. పోతన మహాకవి భాగవత దశమస్కంధములోని ఈ ఘట్టమును చదివినచో తగిన వరుడు లభించునని మన విశ్వాసము. అయితే ఆ కథ చదివించు పెద్దలమగు మనకు కూడ అందొక పాఠమున్నది.

విదర్భరాజగు భీష్మకుడు దుష్టుడు కాడు. బంధువులు రుక్మిణిని శ్రీకృష్ణునకే ఇయ్యదలచిరి. పెద్దకుమారుడు రుక్మి అడ్డుపడి శిశుపాలుని నిశ్చయించెను. పుత్రవ్యామోహముచే తండ్రి తలయొగ్గెను. కన్య మనసునకు విలువ లేకపోయెను. అందువలననే ఆమె అగ్నిద్యోతనుడను విప్రుని ద్వారకకు పంపవలసి వచ్చెను.

ఆమె స్వామిని వలచినది కన్నులతో చూచి కాదు. ఇంటికి వచ్చినవారు చెప్పుకొనగా ఆయన రూపమును, పరాక్రమమును, గుణములను విని వలచెను. స్వామియు ఆమె బుద్ధిని, శీలమును, ఔదార్యమును ఎరిగి తనకు తగినదని తలచెను. ఇరువైపుల గుణముల ఎరుక, ఇరువైపుల ఇష్టము – ఇదియే ధర్మబద్ధమైన వలపు.

మరి శిశుపాలుడో? జరాసంధ సాల్వ దంతవక్త్రులు సేనలతో అతని వెంట నిలిచిరి. లేనిది ఒక్కటే, కన్య సమ్మతి. శ్రీకృష్ణుడు రథమెక్కి వచ్చినది ఆమె పిలిచిన మీదటనే. నేడు ఒల్లనన్న పిల్లను వెంటాడి, బెదిరించి, దానికి ప్రేమయని పేరు పెట్టుకొను యువకులు నడచుచున్నది శిశుపాలుని బాటయే గాని శ్రీకృష్ణుని బాట కాదు.

మరియొక మాట. తన ఇష్టమునకు అడ్డు నిలిచిన అన్నను స్వామి వధింపబోగా, రుక్మిణి ఆయన పాదములపై బడి అతని ప్రాణములు కాపాడెను. నచ్చినవానిని కోరుట పుట్టింటిని ద్వేషించుట కాదని ఆ తల్లి చూపినది.

కావున పెండ్లిమాటలకు కూర్చొనక ముందే పిల్లను చేరబిలిచి, "అమ్మా, నీ మనసులో ఏమున్నది?" అని అడుగుదము. వలదన్నచో ఆ మాట మన్నింతము. ఒకరి పేరు చెప్పినచో కోపింపక, అతని గుణశీలములు విచారింతము. అబ్బాయిలకు కూడ ఎదుటివారి సమ్మతిని గౌరవించుట ఇంటిలోనే నేర్పుదము.

రహస్యముగా దూతను పంపుకొనవలసిన అగత్యము మన యింటి రుక్మిణికి కలుగకుండుటయే ఈ పారాయణకు నిజమైన ఫలము. రుక్మిణీ సమేతుడగు శ్రీకృష్ణ పరమాత్మ మనకట్టి సద్బుద్ధి ననుగ్రహించుగాక!

స్వస్తి.