బడి గంట మోగిన తర్వాత

(సమాఖ్య సభ్యుల కుటుంబ సమ్మేళనంలో చేసిన ప్రసంగ పాఠం)



కరువు భత్యం, ఖాళీల భర్తీ, పింఛను వంటి సమస్యలు ఇన్ని ఉండగా పిల్లల ఆటపాటల ప్రస్తావన ఎందుకని కొందరు మిత్రులు మమ్మల్ని అడిగారు. ఇదీ ముఖ్యమేనని మా మనవి. రాత్రి డ్యూటీలు చేసి, ఓవర్‌టైం సొమ్ము కూడబెట్టి మనం ట్యూషన్ ఫీజులు కడుతున్నాం. అయినా మంచి మార్కులు తెచ్చుకున్న బిడ్డ పదిమంది ముందు లేచి మాట్లాడటానికి జంకుతున్నాడు. పొదుపు ఖాతా ఫారం నింపవలసి వస్తే తండ్రి ముఖం వైపు చూస్తున్నాడు. పరీక్ష ఒంటరిగా సమాధానం రాయడం నేర్పుతుంది. బ్రతుకు కోరేది పదిమందితో కలిసి పనిచేయడం.

కొన్నేళ్ళ క్రితం ఒక రైల్వే కాలనీలో పిల్లల చేతనే చిన్న గ్రంథాలయం నడిపించాం. ఒకరు సభకు అధ్యక్షత వహించేవారు, ఒకరు మినిట్స్ రాసేవారు. కోశాధికారి ఒక ట్రాక్‌మన్ కుమార్తె, వయస్సు పదమూడేళ్ళు. మూడవ నెలలో లెక్కకు పదకొండు రూపాయలు తగ్గాయి. మాలో ఒకరు జేబులో నుంచి తీసి ఇవ్వబోతే ఆ బాలిక వద్దన్నది. సభలో లేచి, లెక్క తగ్గిందనీ, రశీదులు తిరిగి చూడాలనీ చెప్పింది. అట్టలకూ, జిగురుకూ అయిన ఖర్చు పద్దులో ఎక్కలేదని రెండు రోజులకు తేలింది. కూడికలు, తీసివేతలు ఆమెకు బడిలోనే వచ్చు. పదిమంది సొమ్ముకు జవాబుదారీ వహించడం మాత్రం అక్కడ నేర్చుకున్నది.

ఆ తర్వాత హాలును పెళ్ళిళ్ళకు అద్దెకిస్తే రాబడి వస్తుందని నిర్వాహకులు తలచారు. గ్రంథాలయం గదికి తాళం పడింది. మేమూ గట్టిగా అడ్డు చెప్పలేదు. ఆ తప్పులో మాకూ భాగమున్నది.

మిత్రులారా, ఇటువంటి పనులు మన శాఖలకు కొత్తవి కావు. 1950 నవంబరు 7న ఏర్పడిన భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్‌లో రాష్ట్రాలతో పాటు రైల్వే జోన్లకు కూడా శాఖలున్నాయి. ప్రథమ సోపానం మొదలు రాష్ట్రపతి పురస్కారం వరకు మెట్టు మెట్టుగా ప్రథమ చికిత్స, ముడులు వేయడం, పటం చూసి దారి తెలుసుకోవడం, ఆరుబయట వంట నేర్పుతారు. రీఫ్ నాట్ అనే ముడి చదునుగా ఉంటుంది కనుక గాయానికి కట్టిన కట్టు మీద వేస్తే ఒత్తుకోదు. ఇంత చిన్న సంగతైనా చేతితో చేసి చూస్తేనే వస్తుంది. స్కౌట్ కోటాలో కొద్ది ఉద్యోగాలున్న మాట నిజమే. ఆ ఉద్యోగం రాని పిల్లవాడికి కూడా ఈ విద్య మిగులుతుంది.

తపాలా శాఖ సంగతి చూడండి. ప్రపంచ తపాలా సంఘం 1971 నుంచి బాలబాలికలకు ఉత్తర రచన పోటీలు జరుపుతున్నది. 2017లో మన తపాలా శాఖ ప్రారంభించిన ‘ఢాయి ఆఖర్’ పోటీకి తెలుగులోనూ రాయవచ్చు. ఖరగ్‌పూర్ వంటి చోట్ల స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలకు, బడిలో తెలుగు లేకున్నా, ఇన్‌లాండ్ ఉత్తరం రాసే అలవాటుతో మాతృభాష చేతికి వస్తుంది. అదే సంవత్సరం ప్రారంభమైన దీన్‌దయాళ్ స్పర్శ్ యోజన, తపాలా బిళ్ళల సేకరణలో ఆసక్తి గల 6 నుంచి 9 తరగతుల విద్యార్థులకు దేశం మొత్తం మీద 920 ఉపకార వేతనాలు, ఒక్కొక్కరికి ఏడాదికి 6,000 రూపాయలు, నిర్ణయించింది. ఒక విషయం ఎంచుకుని, బిళ్ళలను వర్గీకరించి, వాటిని గురించి నాలుగు మాటలు పొందికగా రాయడం చిన్న శిక్షణ కాదు. ఊరూరా ఉత్తరాలు అందించేది మన పోస్ట్‌మన్, మన గ్రామీణ డాక్ సేవక్. వారి పిల్లలలో ఎందరికి ఈ పోటీల సంగతి తెలుసు?

పాఠ్య, పాఠ్యేతర కార్యక్రమాల మధ్య గోడలు ఉండరాదని 2020 నాటి జాతీయ విద్యా విధానం చెప్పింది. మంచి మాటే. కానీ ధనవంతుల బిడ్డలకు ఈ శిక్షణ డబ్బుకు దొరుకుతుంది. మన బిడ్డలకు మనమే ఏర్పాటు చేయాలి.

కనుక మా సూచనలు మూడు. ఇన్‌స్టిట్యూట్‌లలో, సంఘ కార్యాలయాలలో ఒక గదిని వారానికి రెండు సాయంత్రాలు పిల్లలకు విడిచిపెట్టాలి. పోటీలు, ఉపకార వేతనాల ప్రకటనలను సభ్యుల ఇళ్ళకు చేర్చే బాధ్యతను ప్రతి శాఖ ఒకరికి అప్పగించాలి. అన్నిటికంటే ముఖ్యంగా, సభ నడిపేదీ, లెక్క రాసేదీ ఆడపిల్లలు, మగపిల్లలు సమానంగా తామే కావాలి. పెద్దలు వెనుక బెంచీలో కూర్చోవాలి. దీనిని మరొక ట్యూషన్‌గా మార్చవద్దు.

ఇందుకు పై నుంచి సర్క్యులర్ రానవసరం లేదు. రాబోయే శాఖా సమావేశపు ఎజెండాలో ఈ అంశాన్ని చేర్చండి. ఆ గది తాళం తీయించడం మన చేతిలోని పని.