అర్జీ ఇంటికి చేరేదాకా

(అంతర్జాతీయ మహిళా దినోత్సవం సందర్భంగా మన సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కుటుంబం, పిల్లల సంక్షేమం, స్త్రీల హక్కులు అనే విషయం మీద నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శి గారు ఆదేశించారు. నేను పండితుణ్ణి కాను. ముప్ఫై ఆరేళ్ళు ఫైళ్ళ మధ్య గడిపిన గుమాస్తాని. నాకు తెలిసినవల్లా అర్జీలు. కనుక ఆడవాళ్ళు పెట్టుకున్న అర్జీలు చట్టాలెలా అయ్యాయో, అయిన చట్టాలు నాలాంటివాడి బల్ల దగ్గర ఎలా ఆగిపోయాయో, రెండూ మనవి చేస్తాను.

దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారిని గోదావరి జిల్లాల వారికి పరిచయం చేయనక్కరలేదు. 1909లో రాజమండ్రిలో పుట్టారు. 1923లో కాకినాడలో టిక్కెట్టు లేదని నెహ్రూ గారినే ఆపేశారన్న కథ మనమంతా చిన్నప్పుడు విన్నదే. నేను చెప్పదలచింది ఆ తర్వాతి సంగతులు. ఆవిడకు ఎనిమిదో ఏట పెళ్ళి చేశారు. ఊహ తెలిశాక ఆ పెళ్ళిలోంచి బయటికొచ్చి, జైళ్ళకు వెళ్ళి, ఆ తర్వాత మెట్రిక్ నుంచి లా దాకా చదివారు. తాను పడ్డ కష్టం మరొక ఆడపిల్ల పడకూడదని 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ స్థాపించారు. రాజ్యాంగ సభలో కూర్చున్నారు. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడితే దానికి తొలి అధ్యక్షురాలయ్యారు.

ఆ బోర్డు 1958లో ఒక పథకం పెట్టింది. చదువు మధ్యలో మానేసిన స్త్రీలకు, భర్త పోయినవాళ్ళకు, భర్త వదిలేసినవాళ్ళకు రెండేళ్ళలో మెట్రిక్ దాకా చదువు చెప్పించడం. ఆ పరీక్ష ప్యాసై టీచర్లుగా, నర్సులుగా, గ్రామసేవికలుగా నిలబడినవాళ్ళు మన రాష్ట్రంలో ఎందరో. ఈ సంగతి కాస్త గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తాను.

దుర్గాబాయమ్మ గారు 1953లో చైనా వెళ్ళినప్పుడు అక్కడి కుటుంబ న్యాయస్థానాలు చూసి వచ్చారు. భార్యాభర్తల తగవులు, పిల్లల పోషణ, మనోవర్తి దావాలు మామూలు సివిల్ కోర్టుల్లో ఏళ్ళ తరబడి నలగకూడదనీ, మన దేశంలోనూ అలాంటి కోర్టులు కావాలనీ నెహ్రూ గారికీ, పెద్ద న్యాయమూర్తులకూ చెప్పారు. మహిళా సంఘాలు ఆ మాట వదలకుండా పట్టుకున్నాయి. చట్టం ఎప్పుడొచ్చింది? 1984లో. ఆవిడ 1981 మే నెలలో కన్నుమూశారు. ముప్ఫై ఒక్క ఏళ్ళు నడిచిన అర్జీ అది! డీఏ బకాయి మూడు నెలలు ఆలస్యమైతేనే మనం ధర్నాకు టెంటు మాట్లాడతాం.

మనోవర్తి సంగతి కూడా అంతే. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ కింద భార్యాబిడ్డలకు ఎంత కష్టమున్నా నెలకు 500 రూపాయలకు మించి ఇప్పించడానికి లేదు. ఆ పరిమితి తీసేయడానికి 2001 వరకు పట్టింది. ఈలోగా బియ్యం ధర ఎన్నిసార్లు పెరిగిందో ముందు వరుసల్లోని అమ్మలు నాకన్నా బాగా చెబుతారు.

ఇక నా బల్ల సంగతి. అది దుర్గాబాయమ్మ గారు పోయిన 1981వ సంవత్సరమే. మా కార్యాలయంలో ఒక అటెండరు సర్వీసులో ఉండగానే చనిపోయాడు. అతని భార్య ఫ్యామిలీ పెన్షన్‌కి అర్జీ పెట్టుకుంది. ఆ సీటు నాది. సర్వీసు రిజిస్టరులో ఆమె పేరు ఒకలా, తహసీల్దారు ఇచ్చిన సర్టిఫికెట్లో మరొకలా ఉంది. అభ్యంతరం రాశాను. అది సరిచేసి తెచ్చాక పిల్లల వయసు రుజువు లేదన్నాను. అదీ తెచ్చాక ఫోటోల మీద ధ్రువీకరణ లేదన్నాను. మూడూ రూలు ప్రకారమే. లంచం అడగలేదు, విసుక్కోలేదు. ఐదు నెలలు గడిచాయి.

ఒక మధ్యాహ్నం ఆమె వెంట మహిళా మండలిలో పనిచేసే టీచరు ఒకావిడ వచ్చింది. ఇందాక చెప్పిన రెండేళ్ళ చదువు చదివి ఉద్యోగం తెచ్చుకున్న మనిషి. కూర్చోమన్నాను, కూర్చోలేదు.

"బాబూ, దయ చూపించమని రాలేదు. ఇంకా ఏమేం కాగితాలు కావాలో అన్నీ ఒకేసారి రాసివ్వండి. మీరు మూడుసార్లు రాసినందుకు ఈమెకు ఎన్నో రోజుల కూలి పోయింది. పెద్దాణ్ణి బడి మాన్పించి కాఫీ హోటల్లో పెట్టింది," అంది.

నేను కాగితం తీసి రాయబోయాను. రాయడానికి ఏమీ మిగల్లేదు. ఫైలు పూర్తిగానే ఉంది, పైకి పంపడమే తరువాయి. ఆ సాయంత్రమే పంపాను. మరుసటి నెలలో మంజూరైంది. కానీ ఆ పిల్లవాడు మళ్ళీ బడికి వెళ్ళలేదు. రిటైరయ్యేనాటికి నా మీద ఒక్క మెమో కూడా లేదు. ఆ అయిదు నెలల లెక్క మాత్రం ఏ రిజిస్టరులోనూ లేకపోయినా నాకు గుర్తుంది. అప్పటినుంచి ఏ అర్జీ వచ్చినా కావలసినవన్నీ మొదటి రోజే రాసివ్వడం అలవాటు చేసుకున్నాను.

అడగడానికి డిగ్రీలు కూడా అక్కర్లేదు. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకుంటూ, ఇంటికి రావలసిన కూలి డబ్బులు సారా కొట్టుకు ఎందుకు పోతున్నాయని 1992లో అడిగారు. ఆ ప్రశ్న జిల్లా దాటి రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో ఆ నిషేధం సడలిపోయింది కూడా. సాధించినదాన్ని కాపలా కాయకపోతే జరిగేది అదే.

ఆస్తి విషయమూ చూడండి. మన రాష్ట్రంలో ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకు సమాన హక్కు 1985 సెప్టెంబరు 5 నుంచి వచ్చింది, అయితే అప్పటికే పెళ్ళయినవాళ్ళకు లేదన్నారు. 2005లో కేంద్ర చట్ట సవరణ ఆ తేడా తీసేసింది. చట్టం మారింది సరే, పసుపు కుంకుమల కింద ఎంతో కొంత ఇచ్చి చెల్లెలి చేత విడుదల దస్తావేజు మీద సంతకం పెట్టించుకునే అన్నయ్యలు ఎవరు? వేరే లోకం నుంచి రారు. నేను మరీ కఠినంగా మాట్లాడితే క్షమించండి.

చివరగా ఒక విన్నపం. ఇవాళ ఇంటికి వెళ్ళి మీ శ్రీమతిని ఒక్క మాట అడగండి: "నా పి.పి.ఓ. ఎక్కడుందో తెలుసా?" అని. అందులో ఆమె పేరు, పుట్టిన తేదీ, ఆధార్‌లోనూ బ్యాంకు పుస్తకంలోనూ ఒకేలా ఉన్నాయో లేదో ఇద్దరూ కూర్చుని చూడండి. తేడా ఉంటే మీరు బతికుండగానే దిద్దించండి. మీ తర్వాత ఆమె ఒక్కర్తే చెప్పులరిగేలా తిరగకూడదు. అక్కయ్యలారా, ఆయన అడగకపోతే మీరే అడగండి. "ఎందుకా అపశకునపు మాటలు" అంటే ఊరుకోకండి.

మన సంఘ కార్యాలయంలో నెలకొక రోజు ఫ్యామిలీ పెన్షన్ కాగితాలు చూసిపెట్టడానికి ఒక బల్ల వేయమని అధ్యక్షుల వారిని కోరుతున్నాను. ఆ బల్ల దగ్గర కూర్చోవడానికి నా పేరు ముందుగా రాసుకోండి. నాకు పాత బాకీ ఉంది.