పనికి హద్దు

(కట్టడపు కమిటీల కూటములో చేసిన ప్రసంగము)



శతాబ్ది పండుగ వచ్చిందంటే ప్రతి సంఘములోను కట్టడపు తలంపు పుడుతుంది. ఒకరు గుడి అంటారు, ఒకరు పాదిరిగారి ఇల్లు అంటారు, మరొకరు గంట గోపురం అంటారు. అన్నీ మంచివే. అయితే ఏది ఇప్పుడు చేయవలసిన పని, ఏది కాదు అని ముందుగా హద్దు గీసుకోకపోతే మంచి పనులే ఒకదానినొకటి మింగివేస్తాయి. ఇంజనీర్లు ఈ హద్దునే పని పరిధి అంటారు.

దీనికి సాక్ష్యం మన గోదావరే. 1847లో ఆర్థర్ కాటన్ దొరగారు ధవళేశ్వరం ఆనకట్ట ఆరంభించారు. 1852 నాటికి అది నిలిచింది. కాలువలు ఆ తరువాత ఏటేటా సాగాయి. ఒక కాలువ పారితే దాని కింది రైతు పండించుకున్నాడు. తక్కిన కాలువల కొరకు అతడు కనిపెట్టనక్కరలేదు.

కాటన్ దొరగారికి మరొక తలంపు కూడా ఉండెను. గోదావరిని పడవ మార్గముగా చేసి, నాగపూరు, బీరారు ప్రాంతాల పత్తిని సముద్రతీరానికి దింపాలని. దారిలో మూడు రాతి అడ్డంకులున్నవి. మొదటిది భద్రాచలానికి ఎగువన దుమ్ముగూడెం వద్ద, రెండవది ఇంచంపల్లి వద్ద, మూడవది ఇంకా ఎగువన. కాప్టన్ హేగ్ గారి ఆధ్వర్యమున దుమ్ముగూడెంలో ఆనకట్ట, లాకుల కాలువ లేచాయి. కాని మూడు అడ్డంకులూ దాటితేనే పడవ తిన్నగా దిగుతుంది. ఒకటి దాటినందున మూడవ వంతు ఫలము రాదు. ఎండకాలమున నదిలో నీరు చాలదు. ఇంతలో 1867లో రైలు నాగపూరు చేరింది. 1871లో ప్రభుత్వం పనులు నిలిపివేసింది.

అదే దుమ్ముగూడెంలో 1860లో హేగ్ గారి ప్రోత్సాహముతో కోయవారి మధ్య మిషను పని మొదలైంది. వెంకటరామరాజు గారు అందులో పరిచర్య చేశారు. పడవ మార్గం ఆగిన తరువాత కూడ ఆ పరిచర్య సాగింది. ఒక పల్లెలో బడి పెడితే, పక్క పల్లెలో బడి లేకున్నా, ఆ పల్లె పిల్లలకు చదువు వస్తుంది గదా!

కాబట్టి కమిటీవారికి నాలుగు మాటలు. మొదటిది, చేయవలసినదేమో, చేయనిదేమో రెండూ ఒకే కాగితము మీద వ్రాయండి. రెండవది, ఒక్కొక్క భాగము పూర్తికాగానే దానంతట అది పనికివచ్చేటట్లు విభజించండి. ముందు గోడలు, కప్పు, నేల, గోపురం తరువాత. మూడవది, మధ్యలో ఎవరైన ఏదైన కలుపమంటే, దాత అయినా సరే, దాని ఖర్చెంత, దినములెన్ని అని లెక్కకట్టి, కమిటీ ఒప్పుకొని సంతకాలు చేసిన తరువాతనే కలపండి. నాలుగవది, పని ముగిసినదని ఎవరు చెప్పాలో ముందే నిర్ణయించండి.

గోపురం కట్టగోరువాడు ముందు కూర్చుండి లెక్క చూచుకొనవలెనని ప్రభువు లూకా 14వ అధ్యాయములో నేర్పినాడు. నెహెమ్యా ప్రాకారము పని మీద ఉండగా, ఓనో మైదానానికి రమ్మని పిలిచినా దిగిపోలేదు. ప్రాకారము 52 దినములలో ముగిసింది.

మన సంచిలో పడే కానుక తునికాకు కోసిన కూలి, మిరపకాయ ఏరిన కూలి. దానిని తెచ్చిన తల్లి కప్పులేని గోడల మధ్య తడుస్తూ ప్రార్థించవలసివస్తే, ఆ రూపాయికి మనమే లెక్క చెప్పాలి. చిన్న గుడి అయినా సరే, ఆమె తల మీద కప్పు ఉండనివ్వండి. దేవుడు మన చేతుల పనిని స్థిరపరచును గాక. ఆమేన్.